చిక్కుల పిన్ని

పెద్ద సిస్టరు చేతిలో కత్తెర పట్టుకుని తొమ్మిదో మంచం తలవైపు నిలబడింది. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తెలియక అటు ఒకసారి, ఇటు ఒకసారి వంగి చూస్తోంది.

ఆ మంచం మీదున్నది ఒక బస్సు కండక్టరమ్మ. నాలుగు నెలల కిందట వంతెన దగ్గరి మలుపులో బస్సు పల్టీ కొట్టినప్పుడు ఆమె మెట్ల దగ్గర నిలబడి టిక్కెట్లు చింపుతోంది. మెడ ఎముక, నడుము ఎముక రెండూ దెబ్బతిన్నాయి. తలకు అటూ ఇటూ ఇసుక సంచులు పెట్టి, మెడ కదిపితే మనిషి దక్కదని పెద్ద డాక్టరు ఖరాఖండిగా చెప్పాడు. నాలుగు నెలలు ఆ తలను ఎవరూ కదపలేదు. ఎముక అతుక్కుంది, ప్రాణం నిలబడింది. పోయింది జుట్టు.

అది నడుము దాకా వచ్చే జుట్టట. ప్రమాదం జరిగిన రోజున ఎవరో హడావుడిలో దాన్ని ముద్దగా చుట్టి తల పైకి నెట్టేశారు. ఆ ముద్దలో గాజు పొడి, ఎండిన నెత్తురు చేరాయి. తర్వాత నాలుగు నెలల చెమట. ఇప్పుడు అది జుట్టులా లేదు. కొబ్బరి పీచును నీళ్లలో తడిపి, తొక్కి, ఎండబెట్టి చేసిన పట్టాలా ఉంది. వేలితో కొడితే టకటకమంటుంది. మెడకు పట్టీ కట్టి కూర్చోబెట్టే రోజులు వచ్చాయి కానీ, లేవబోతే చాలు ఆ బరువు తలను వెనక్కి లాగేస్తోంది. అందుకే కత్తెర.

"జుట్టే కదమ్మా, మళ్లీ వస్తుంది," అంది పెద్ద సిస్టరు. ఆ వార్డులో పందొమ్మిదేళ్లుగా ఎంతమందికి చెప్పిందో ఆ మాట. నిజం కూడా. అబద్ధమాడి ఓదార్చే అలవాటు ఆమెకు లేదు.

ఎముకలు సర్దినప్పుడు కూడా పళ్ల బిగువున ఓర్చుకున్న మనిషి, కత్తెర చూసి కళ్లు మూసుకుంది. కంటి కొసల నుంచి నీళ్లు జారి చెవుల్లోకి పోయాయి. "వద్దు సిస్టర్," అంది. ఎందుకు వద్దో చెప్పలేదు.

పక్కనే ఉన్న కండక్టరమ్మ అక్క చేతులు పట్టుకున్నంత పని చేసింది. "ఒక్క రెండు రోజులు ఆగండి సిస్టర్. ఒకావిడ ఉంది. చిక్కుల పిన్ని అంటారు. ఆవిడొచ్చి చూసి కాదంటే మీ ఇష్టం."

"చిక్కులు విప్పేవాళ్లు కూడా ఉంటారా?" అంది పెద్ద సిస్టరు. అయినా కత్తెర జేబులో వేసుకుంది. రెండు రోజులతో కొంపేమీ మునిగిపోదు.

మర్నాడు మధ్యాహ్నం రెండింటికి, రోగుల్ని చూడ్డానికి బయటివాళ్లను వదిలే వేళకు, ఆవిడ వచ్చింది. అరవై ఉంటాయి. పొట్టి మనిషి. తలకు నూలు గుడ్డ కట్టుకుంది. ఒక చేతిలో మూత బిగించిన స్టీలు క్యాను, రెండో చేతిలో గుడ్డ సంచి. మంచం దగ్గరికి రాగానే క్యాను కింద పెట్టి, నడుం మీద చేతులేసుకుని ఆ ముద్దను తేరిపార చూసింది. చూసి, నవ్వింది.

"బాగానే పెంచావమ్మా! పిచ్చుకకు కూడా చేతకాదు ఇంత గట్టి గూడు కట్టడం."

నాలుగు నెలలుగా అందరూ మొహం చాటేసి మాట్లాడుతున్న జుట్టు గురించి ఒకరు నేరుగా హాస్యమాడేసరికి కండక్టరమ్మ పెదవి కొస కదిలింది. పెద్ద సిస్టరు అది చూసింది. అప్పటికి మూడు వారాలైంది ఆ మనిషి మొహంలో నవ్వులాంటిది కనబడి.

"వస్తుందా పిన్నీ?" అంది అక్క.

పిన్ని ముందుకు వంగింది. ముద్ద అంచున రెండు వేళ్లు పెట్టి, గోరుతో కాదు, వేలి మెత్తతో నెమ్మదిగా నొక్కుకుంటూ పోయింది. కళ్లు మూసుకుంది. ముద్దకు నాలుగు వైపులా తడిమాక కళ్లు తెరిచి, "పది రోజులు. పదిహేనూ కావచ్చు. రోజుకు రెండు గంటలు," అంది.

"కుదరదు," అంది పెద్ద సిస్టరు. "ఆ కింద కుట్టిన గాయాలున్నాయి. మీరు తెచ్చినదేదో పోసి పుండు చేస్తే ఎవరు జవాబుదారీ? ఆ క్యానులో ఏముంది?"

పిన్నికి కోపం రాలేదు. మూత తీసి చూపించింది. లోపల లేత ఆకుపచ్చ రంగులో నీళ్లలాంటిది. "మందారాకు. కాచి చల్లార్చిన నీళ్లలో పిసికి వడకట్టాను. ఇంకేమీ కలపలేదు. ముందు ఈ తల్లి మోచేతి మడతలో కాస్త రాసి పోతాను సిస్టరమ్మా. రేపటికి దద్దురు రాకపోతేనే తల ముట్టుకుంటాను. మీరు చెప్పకపోయినా అంతే చేసేదాన్ని. ఆకైనా సరే, ఒకరికి పడుతుంది, ఒకరికి పడదు. మెంతుల జిగురు పడక మా పెద్ద కోడలి మెడంతా ఎర్రబడింది."

పెద్ద సిస్టరు తల ఊపింది. తానే ఆ సంగతి అడుగుదామనుకుంటూ ఉంది మరి.

"మీరోసారి చెయ్యి పెట్టి చూడండి," అంటూ పిన్ని క్యాను ముందుకు జరిపింది.

పెద్ద సిస్టరు వేళ్లు ముంచింది. చల్లగా తగిలింది. బయటికి తీయబోతే ఆ నీళ్లు వేళ్లను వదల్లేదు. గుడ్డులోని తెల్లసొనలా సాగి, సన్నటి తీగలై, వెలుతురులో మెరిసి తెగాయి. వేళ్లు ఒకదాని మీద ఒకటి రాస్తే చర్మం చర్మానికి తగలడం లేదు. మధ్యలో ఏదో పట్టు గుడ్డ ఉన్నట్టుంది. ఆమె అలా రాస్తూనే ఉండిపోయింది. క్వార్టర్స్ గోడ పక్కన రోజూ చూసే మొక్కే మందారం. పువ్వు తప్ప ఆకు వైపు ఎప్పుడైనా చూసిందా? పైకి పొడిగా కనబడే ఆ ఆకులో ఇంత నునుపు దాగుందని ఎవరనుకుంటారు!

మర్నాటికి మోచేతి మీద దద్దురు రాలేదు. పని మొదలైంది.

పిన్ని తీరు చూసి వార్డంతా ముక్కున వేలేసుకుంది. మొదటి మూడు రోజులు ఆవిడ ఒక్క వెంట్రుక కూడా విప్పలేదు. జిగురు చేత్తో తీసుకుని ముద్ద మీద అద్దడం, నొక్కడం, తడిగుడ్డ కప్పడం, మళ్లీ అద్దడం. అంతే. నీళ్లతో కడగలేదు. ఎవరో ఆయా "కుంకుడు రసంతో ముందు మురికి వదిలిస్తే పని తేలికవుతుంది కదా" అంటే, "మురికి వదులుతుంది, చిక్కు బిగుస్తుంది. సబ్బైనా కుంకుడైనా వెంట్రుకను గరుకు చేస్తుంది. గరుకు వెంట్రుకలు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. వాటికి ముందు జారడం నేర్పాలి. కడగడం ఆఖరి పని," అంది.

నాలుగో రోజున ఆవిడ సంచిలోంచి మొద్దు మొనగల చెక్క సూది తీసింది. ఒళ్లో గుడ్డ పరుచుకుని, మంచం తలవైపు ఎత్తు పీట వేసుకుని కూర్చుంది. ముద్ద బయటి అంచున ఒక్కచోట సూది దూర్చి, అటూ ఇటూ వదులు చేసి, రెండు వేళ్లతో ఒక కొసను పట్టుకుంది. లాగలేదు. ఆ కొస చుట్టూ ఉన్నవాటిని ఒక్కొక్కటే పక్కకు నెట్టింది. గంట గడిచాక ఆవిడ చేతిలో చూపుడు వేలంత పొడుగు కుచ్చు ఒకటి వేలాడింది. తడిగా, నల్లగా, అచ్చం జుట్టులా.

అది చూడ్డానికి మంచం దిగగలిగిన వాళ్లంతా వచ్చారు. కండక్టరమ్మ తల తిప్పి చూసుకోలేదు కదా, అక్క అద్దం పట్టుకుని చూపించింది. ఆమె ఆ కుచ్చును చాలాసేపు చూసి, "నాదేనా?" అంది.

"కాదు, పక్క మంచం ఆవిడది," అంది పిన్ని. వార్డు గొల్లుమంది.

పెద్ద సిస్టరుకు ఆ రెండు గంటల్లో సవాలక్ష పనులు. అయినా ఏదో వంక పెట్టుకుని తొమ్మిదో మంచం వైపు రావడం అలవాటైంది. వచ్చినప్పుడల్లా ఆ వేళ్లనే చూసేది. ఆవిడ ఎక్కువగా కళ్లు మూసుకునే పని చేస్తోంది. ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది.

"చూడకుండా ఎలా విప్పుతున్నారు?"

"కళ్లకు ఇదంతా నలుపే కదండీ. ఏది పైది, ఏది కిందిదో కంటికి తెలియదు. వేలికి తెలుస్తుంది," అంది పిన్ని. తర్వాత తన సంగతి చెప్పుకొచ్చింది, చేతులు ఆపకుండానే.

ఆవిడ పదహారేళ్లు నూలు మిల్లులో పనిచేసిందట. యంత్రం పాడు చేసిన నూలు చిలపల్ని, అంటే దారపు చుట్టల్ని, తెచ్చి ఒక బల్ల మీద పోసేవారు. దాన్ని చిక్కుల బల్ల అనేవారు. తెంపకుండా విప్పి ఇవ్వాలి. బల్ల దగ్గర పన్నెండు మంది ఆడవాళ్లు. ఎదురెదురుగా కూర్చుని కబుర్లాడుకుంటూ వేళ్లతో విప్పేవాళ్లు. దారం తెగిన చప్పుడు ఎంత చిన్నదైనా బల్లంతా విని ఒక్కసారి "అయ్యో" అనేదట. మిల్లు మూతపడింది. పన్నెండు మందీ తలో దారి పట్టారు. ఇంట్లో ఖాళీగా కూర్చుంటే వేళ్లు ఊరుకునేవి కావు. దుప్పటి అంచు పోగులు పీకి ముడులేసి విప్పుకునేది.

"మా అత్తగారు ఆకులు ఎండబెట్టి, దంచి పొడులు చేసేది. గోరింటాకు, కుంకుడు, శీకాయ, మందారం. అందరికీ తలకు పోసే మనిషి. ఒకసారి ఆవిడకే విషజ్వరం వచ్చి నెల్లాళ్లు మంచాన పడింది. లేచేసరికి తల ఇదిగో, ఇలాగే. నేను దువ్వెన పట్టుకొస్తే, 'దువ్వెన అవతల పారెయ్, నీ మిల్లు చేతులు తీసుకురా' అంది. ఆవిడ పడుకునే చెప్పింది, నేను చేశాను. ఆకు ఆవిడది, వేళ్లు నావి. ఆ రెండూ కలవక ముందు పదేళ్లు ఒకే ఇంట్లో ఉన్నాం, ఒకరి విద్య ఒకరికి పనికొస్తుందని తట్టనే లేదు."

ఆ కబురు చుట్టుపక్కల పాకింది. చిక్కుపడిన తలలన్నీ ఆవిడ గుమ్మంలోకి రావడం మొదలైంది. "చిక్కుల్లో ఉన్నవాళ్లంతా నా దగ్గరికే వస్తారు. నేను మాత్రం ఎవరి దగ్గరికి పోను?" అని నవ్వి, తన తలగుడ్డ కాస్త ఎత్తి చూపింది. కింద ఎలుక తోకంత పిలక. "ఇన్ని ఆకులు తెలిసీ ఇదేమిటని అడుగుతారు. జుట్టు మొలిపించే ఆకు నాకు తెలియదు తల్లీ. ఉన్నదాన్ని పోనివ్వకుండా చూసుకోవడం వరకే నా విద్య."

ఏడో రోజు పిన్ని మొహంలో నవ్వు పోయింది. ముద్దలో సగం విడిపోయి కుచ్చులు కుచ్చులుగా తలగడ మీద పరుచుకుంది. మిగిలింది వెనక వైపు, తలగడకు ఆనే చోటు. కండక్టరమ్మను పక్కకు ఒత్తిగిలించి పడుకోబెట్టారు. పిన్ని అక్కడ వేలు పెట్టి ఆగిపోయింది. వంగి వాసన చూసింది. మళ్లీ చూసింది.

"సిస్టరమ్మా, ఒక్కసారి ఇలా రండి," అంది మెల్లగా. "ఈ లోపల పుండుంది."

"అక్కడ గాయమేమీ లేదు," అంది పెద్ద సిస్టరు. కాగితాల్లో లేదు మరి.

"దెబ్బ గాయం కాదు. ఒకేచోట ఆని ఆని పడింది. ఆకు వాసన నాకు తెలుసు, చెమట వాసన తెలుసు, పాత నెత్తురు వాసన తెలుసు. ఇది వేరే."

పెద్ద సిస్టరు దగ్గరికి వచ్చింది. వంగి చూసింది. ఆమెకు మందార జిగురు పచ్చివాసన తప్ప ఇంకేదీ తెలియలేదు. కానీ ఆవిడ మాట కొట్టిపారేయలేకపోయింది. వీపు మీద, మడమల మీద ఒత్తిడి పుండ్లు పడకుండా నాలుగు నెలలూ తానే కాపలా కాసింది. తల వెనక ఈ పట్టా కింద ఎవరు చూశారు? చూసే దారి ఏది?

డాక్టరుకు చెప్పక తప్పలేదు. ఆయన వచ్చి, విని, "ఇంకా నానుస్తూ కూర్చుంటారా? మొత్తం కత్తిరించి పారేయండి, పుండు కనబడాలి," అని విసుక్కున్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. పెద్ద సిస్టరు జేబులో చెయ్యి పెట్టింది.

పిన్ని లేచి నిలబడింది. ఆ మనిషి గొంతు పెంచడం ఎవరూ వినలేదు, అప్పుడూ పెంచలేదు. "బాబూ, పుండు ముందు. కాదనను. కానీ అది ఎక్కడుందో నా వేలికి తెలుసు. అరచేతంత చోటు నేను తెరిచి ఇస్తాను. ఒక్క గంట. అక్కడి జుట్టు వరకు నేనే కత్తిరిస్తాను. మిగతాది నిలుస్తుంది."

డాక్టరు పెద్ద సిస్టరు వైపు చూశాడు. ఆమె అందరి కంటే ఎక్కువగా తానే ఆశ్చర్యపోతూ, "గంట ఇద్దాం సార్," అంది.

పిన్ని కండక్టరమ్మ చెవి దగ్గర వంగింది. "తల్లీ, ఒక్క పిడికెడు పోతుంది. నీ ఒంటి కోసం. కొయ్యనా?"

"సరే పిన్నీ," అంది కండక్టరమ్మ.

గంట పట్టలేదు. ముప్పావు గంటలో, సరిగ్గా ఆవిడ వేలు చూపించిన చోటే, ఎర్రగా చెమ్మగా ఉన్న పుండు బయటపడింది. అరచేతి కంటే చిన్నది. ఇంకా లోతుకు పోలేదు. మరో నాలుగు వారాలు ఆగి ఉంటే ఎముక దాకా పోయేదని డాక్టరు అన్నాడు. ఈసారి ఆయన గొంతులో విసుగు లేదు. శుభ్రం చేసి, మందు పెట్టి, వెళ్తూ వెళ్తూ ఆ పొట్టి మనిషికి చేతులు జోడించాడు.

కోసిన పిడికెడు జుట్టు పిన్ని ఒళ్లో గుడ్డ మీద ఉంది. ఆవిడ దాన్ని పారేయలేదు. కూర్చుని, జిగురు రాసి, ఓపిగ్గా విప్పి, మొదలు ఒకవైపు, కొస ఒకవైపు వచ్చేలా కండక్టరమ్మ కళ్ల ముందు దుప్పటి మీద నిడుపుగా పరిచింది. తర్వాత మొదట్లో ఒక నాలుగైదు వెంట్రుకలు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని, కళ్లు మూసుకుని, కొసవైపు మెల్లగా జార్చుకుంటూ పోసాగింది.

రెండు అంగుళాల దగ్గర ఆగింది. "ఇక్కడ సన్నబడింది. ఇది బస్సు పడిన రోజు."

పెద్ద సిస్టరు దగ్గరికి జరిగింది.

"నెలకు అర అంగుళం పెరుగుతుంది కదండీ, అటూ ఇటూగా. ఒంట్లో బాగాలేని రోజుల్లో పెరిగింది కాస్త సన్నగా ఉంటుంది. దారం అంతే. యంత్రం తడబడిన చోటు వేలికి తెలిసిపోతుంది." వేళ్లు మళ్లీ కదిలాయి. జానెడు దాటి నాలుగు వేళ్ల మీద నిలిచాయి. "ఇక్కడ కూడా. రెండేళ్లయి ఉంటుంది. ఏమైందమ్మా అప్పుడు?"

కండక్టరమ్మ కళ్లు పెద్దవయ్యాయి. "పచ్చకామెర్లు. నెలన్నర డ్యూటీకి పోలేదు."

అక్క నోరెళ్లబెట్టింది. ఆ సంగతి పిన్నికి ఎవరూ చెప్పలేదు. పెద్ద సిస్టరు ఆ పిడికెడు జుట్టు వైపే చూస్తూ ఉండిపోయింది. రోజూ రోగుల ఒంటి సంగతులు కాగితాల మీద రాసేది ఆమె. ఏ గంటకు జ్వరమెంత, ఏ పూట ఏం తిన్నారు. ఒళ్లు తన సంగతి తానే ఇంత పొందికగా, ఒక్క రోజు వదలకుండా రాసుకుంటుందని, దాన్ని తల మీదే మోసుకు తిరుగుతామని ఆమెకు తట్టలేదు. తాను ఇన్నేళ్లలో కత్తిరించి చెత్తబుట్టలో వేసినవన్నీ ఒక్కసారిగా కళ్ల ముందు మెదిలాయి.

పిన్ని వేళ్లు ఇంకా పోతున్నాయి. మూర దాటింది. మూరన్నర. కొస దగ్గర పడుతోంది. "ఇక్కడి నుంచి వేరేగా ఉంది," అంది ఆవిడ. "సన్నం కాదు. నునుపు. ఇక్కడి నుంచి కొస దాకా ఉన్నది ఐదేళ్ల కిందటి జుట్టు. దీన్ని ఎవరో బాగా చూసుకున్నారు. నూనె పట్టించి, జాగ్రత్తగా అల్లిన చెయ్యి. తర్వాత నువ్వు డ్యూటీ తొందరలో గబగబా ముడేసుకునేదానివి కదూ?"

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అమ్మ," అంది కండక్టరమ్మ. "పెళ్లయ్యాక కూడా ప్రతి ఆదివారం నా తలకు నూనె రాసి అల్లేది. ఐదేళ్లయింది పోయి. నా తల మీద అమ్మ చెయ్యి పడిన జుట్టు ఇక ఆ కొసల్లోనే ఉంది. ఏటేటా కిందికి జారిపోతోంది. అందుకే ఐదేళ్లుగా ఒక్క అంగుళం కూడా కత్తిరించలేదు." పెద్ద సిస్టరు వైపు కళ్లు తిప్పింది. "మీరు మళ్లీ వస్తుందన్నారు కదా సిస్టర్. వచ్చేది ఇది కాదు."

పెద్ద సిస్టరు వంగి ఆ జుట్టు కొసను వేలితో తాకింది. నిజంగానే నునుపుగా ఉంది. లేకపోతే అలా అనిపించిందో. ఒక మనిషి పోయిన ఐదేళ్లకు, ఆ మనిషి సాకిన జుట్టు ఇంకా ఇక్కడ, ఒక ఆసుపత్రి దుప్పటి మీద, ముట్టుకుంటే తగిలేంత దగ్గరగా ఉంది.

ఆ తర్వాత మిగిలిన పనికి ఆమె ఎవరినీ అడ్డు రానివ్వలేదు. మంచం చుట్టూ తెర కట్టించింది. జిగురు చాలకపోతే తన క్వార్టర్స్ గోడ పక్కన ఉన్న మందార మొక్క నుంచి ఆకు తానే కోసి తెచ్చింది. అవిసె గింజల జిగురు కూడా కావాల్సి వచ్చింది, బాగా బిగిసిన చోట్లకు. గుప్పెడు గింజలు నాలుగు గ్లాసుల నీళ్లలో మరిగించి, గరిటె నుంచి తెల్లసొనలా జారే దాకా ఉంచి, వేడి మీదే పల్చటి గుడ్డలో వడకట్టాలి. చల్లారితే గుడ్డలోంచి బొట్టు కూడా దిగదు. పిన్ని చెప్పింది చెప్పినట్టు వార్డు వంటగదిలో ఆమే చేసింది.

పదమూడో రోజున ఆఖరి చిక్కు విడిపోయింది. ఆ మధ్యాహ్నం తలకు పోశారు. కుంకుడుకాయలు కొట్టి, గింజలు తీసేసి, గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి, చేత్తో పిసికి నురుగు తేల్చి తెచ్చింది పిన్ని. పుండుకు నీరు తగలకుండా డాక్టరు ఇచ్చిన పట్టీ బిగించారు. కళ్లలో పడితే మంట కదా, కండక్టరమ్మ కళ్ల మీద మడత గుడ్డ వేశారు. మంచం చివర రబ్బరు షీటు కాలవలా మడిచి బకెట్‌లోకి దింపారు. పిన్ని రెండు చేతులతో నురుగు పట్టించి, పెద్ద సిస్టరు చెంబుతో నీళ్లు వంచింది. మొదటి బకెట్ నీళ్లు టీ రంగులో పోయాయి. రెండోది తేటపడింది. మూడోది తేరి, అడుగున రెండు చిన్న గాజు ముక్కలు మెరిశాయి.

తుడిచి, ఆరబెట్టి, పెద్ద పళ్ల దువ్వెనతో ఒక్కసారి దువ్వారు. మంచం తల వైపు నుంచి జుట్టు కిందికి జారింది. జారుతూనే ఉంది. నేలకు బెత్తెడు ఎత్తులో ఆగింది. కిటికీలోంచి పడిన ఎండలో అది నల్లగా లేదు. లోపల్లోపల ఎక్కడో ఎరుపు, ఎక్కడో నీలం. తెర పక్కకు లాగేసి చూస్తున్న ఆడవాళ్లలో ఒకావిడ ఎందుకో లేచి నిలబడింది. ఆవిడ్ని చూసి ఇంకొకరు. పిన్ని ఒళ్లోని గుడ్డలో ఊడిన వెంట్రుకలు ఒక గిన్నెడు ఉన్నాయి. ఆ పిడికెడు వేరే. మిగిలిందంతా తల మీద ఉంది.

కండక్టరమ్మ చెయ్యి పైకెత్తి, జుట్టును ముందుకు తెచ్చుకుని, కొసలు చెంపకు ఆనించుకుంది. అంతే.

మరో వారానికి ఆమె మంచం మీద కూర్చుంది. ఆరు వారాలకు కర్ర ఊతంతో నడిచి వార్డు గడప దాటింది. బస్సులో నిలబడే పని ఇక కుదరదు. డిపోలో పాసులు ఇచ్చే కిటికీ వెనక కూర్చుంటోందిప్పుడు. రెండు జడలు వేసుకుని పోతుందట. "పెళ్లీడు కూతురున్న మనిషివి, స్కూలు పిల్లలా ఏమిటే" అని అక్క వేళాకోళం చేస్తే, "ఒక్క జడయితే పుండు మచ్చ మీద ఒరుసుకుంటుంది" అంటుందట.

వార్డులో ఒక పద్ధతి మారింది. కదలకూడని రోగి ఎవరు వచ్చినా, వచ్చిన రోజే జుట్టును వదులుగా రెండు పాయలుగా అల్లి, భుజాల మీదుగా ముందుకు వేస్తారు. తల వెనక రోజూ వేలు పెట్టి చూస్తారు. పెద్ద సిస్టరు పట్టుబట్టి పెట్టించిన పద్ధతి అది. ఆ కత్తెర ఇంకా ఆమె జేబులోనే ఉంది. అవసరమైతే వాడుతుంది కూడా. కానీ ముందు అడుగుతుంది. అడిగి, జవాబు వచ్చేదాకా ఆగుతుంది.

సెలవు రోజుల్లో ఆమె పిన్ని ఇంటికి పోతోంది. లాండ్రీ వెనక ఒక్క గది, ముందు రెండడుగుల వరండా. వరండా నిండా పాత రంగు డబ్బాల్లో మొక్కలు. మందారం, కలబంద, గోరింటాకు, గుంటగలగర. పిన్ని ఒక తొట్టిలో జిగురు పోసి, అందులో చిక్కుపడిన నూలు చిలప ముంచి, పెద్ద సిస్టరు చేతుల్ని అందులో పెట్టించింది.

"కళ్లు మూసుకోండి. కొస దొరికించుకోండి. లాగారో, నేను ఊరుకోను."

మొదటి రోజు దొరకలేదు. రెండో వారమూ దొరకలేదు. ఇంజెక్షన్ సూదిని పసిపిల్లల నరంలోకి గురి తప్పకుండా దించే చేతులు, ఒక దారం కొస ముందు మొద్దుబారిపోయాయి. పెద్ద సిస్టరుకు సిగ్గేసింది, కోపమొచ్చింది, నవ్వొచ్చింది. పిన్ని పక్కన కూర్చుని ఆకులు తుంచుకుంటూ, మిల్లు బల్ల కబుర్లు చెప్పుకుంటూ పోయింది.

మూడో వారం, కబుర్లు వింటూ తానేం చేస్తున్నదీ మరిచిపోయిన వేళ, ఆ చల్లటి జారుడు నీళ్లలో ఏదో ఒకటి, వెంట్రుక కంటే కాస్త మందంగా, మిగతావాటన్నిటి నుంచి వేరుగా, ఆమె వేలి కింద మెల్లగా దొర్లింది. పెద్ద సిస్టరు లాగలేదు, ఆ కొసను అలాగే పట్టుకుంది.

"పిన్నీ," అంది, కళ్లు తెరవకుండానే.

పిన్ని ఆకులు తుంచడం ఆపేసింది.